గుమ్మంలో జుల్మానా

కచేరీ కరపత్రం చేతికి వస్తే మనవాళ్ళు మొదట గాయకుని పేరు చూస్తారు. తరువాత వయొలిన్ ఎవరిది, మృదంగం ఎవరిది అని చూస్తారు. ఆపైన తేదీ చూసి, ఆనాడు తమ డ్యూటీ ఏమిటో వేళ్ళమీద లెక్కవేసుకుంటారు. కరపత్రం అడుగున సన్నని అక్షరాలలో అచ్చయిన పంక్తి చివరకు గాని కంటబడదు: "ముందుగా కొన్నవారికి 250 రూపాయలు, గుమ్మం వద్ద 400 రూపాయలు." అంకెలు ఊరికొక తీరున ఉండవచ్చును. పద్ధతి మాత్రం ఒక్కటే. ఈ వ్యాసం ఆ పంక్తిని గురించి.

ముందుచూపు గలవానికి బహుమతి, ఆలస్యంగా వచ్చినవానికి చిన్న దండన అని నిర్వాహకులు దీనికి అర్థం చెబుతున్నారు. మేము దీనిని మరొక విధంగా చదువుతున్నాము. తన కాలం తన చేతిలో ఉన్నవానికి ఒక ధర. తన కాలం యజమాని చేతిలో ఉన్నవానికి అంతకంటె ఎక్కువ ధర. రోస్టరు మీద బ్రతికే ఉద్యోగికి గుమ్మంలో విధిస్తున్న జుల్మానా ఇది. చిన్న కచేరీలకు ఈ పద్ధతి తగదనీ, నిర్వాహకులకు సైతం ఇది లాభం కాదనీ, దీనిని మార్చే శక్తి మన శాఖలకు ఉన్నదనీ ఇక్కడ నిరూపించ దలచినాము.

జీతభత్యాల గొడవలు తీరక ముందే కచేరీ టికెట్ల గొడవ ఎందుకని కొందరు మిత్రులు అడుగవచ్చును. ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల నిద్ర, ఎనిమిది గంటలు మనకోసం అని ప్రపంచ కార్మికులు పోరాడినప్పుడు ఆ మూడవ భాగం కూడా పోరాటంలోనిదే. మన లోకో రన్నింగు సోదరులు 1973లో సమ్మెకు దిగినది పనిగంటల కోసమే. పని తగ్గించుకొన్న గంటలను ఎక్కడ గడపాలో, ఏమి వెల పెట్టి గడపాలో కూడా మన సమస్యే. పాట వినే హక్కు తీరిక గల వర్గానికి రాసిచ్చిన ఆస్తి కాదు.

మన రోస్టరు, వారి గడువు

గూడ్సు బండి గార్డు సంగతి తీసుకోండి. 2022లో ఆ పదవికి ట్రెయిన్ మేనేజరు అని పేరు మార్చారు. పేరు మారినంత సులభంగా పని మారలేదు. రన్నింగు సిబ్బందికి ఆదివారం క్యాలెండరులో ఉంటుంది గాని జీవితంలో ఉండదు. నెలకు 30 గంటల విశ్రాంతులు నాలుగు, లేదా 22 గంటల విశ్రాంతులు ఐదు అని నిబంధన చెబుతున్నది. అవి ఏ వారంలో, ఏ పూట పడతాయో పది రోజుల ముందుగా చెప్పగలవారెవరు? ఇంట్లో కూర్చున్న మనిషికి కాల్ వస్తే పెట్టె సర్దుకొని పోవలసినదే. అట్టివానిని "పదిహేనవ తేదీలోగా టికెట్టు కొనుక్కో, లేకుంటే నూటయాభై ఎక్కువ పెట్టు" అని అడగడంలో న్యాయమేమున్నది?

తపాలా సోదరుల సంగతీ అంతే. ఆర్.ఎం.ఎస్.లో రాత్రి సెట్టులో నిలబడి సంచులు విప్పే సార్టరుకు సాయంకాలమే పని మొదలవుతుంది. ఎవరైనా తోటివాడు సెట్టు మార్చుకొనడానికి ఒప్పుకొంటే ఆనాటి కచేరీ దక్కుతుంది. ఆ ఒప్పుకోలు వచ్చేది ఆనాటి ఉదయానే. కౌంటరులో పనిచేసే పోస్టల్ అసిస్టెంటు సాయంత్రం లెక్క సరిపడితే గాని కుర్చీ లేవలేడు. పల్లెలో పనిచేసే గ్రామీణ డాక్ సేవక్ పట్నంలో కచేరీకి రావాలంటే ఆనాటి సంచి అప్పగించి, బస్సు దొరికించుకొని రావాలి. వీరందరూ చివరి గడియలోనే గుమ్మం చేరుకొంటారు. వీరిలో ఒక్కరినీ సోమరి అనగలమా?

మనతోబాటు ఆస్పత్రి నర్సు ఉన్నది, బస్సు కండక్టరు ఉన్నాడు, మిల్లులో షిఫ్టు పనివాడు ఉన్నాడు, హోటలు కార్మికుడు ఉన్నాడు. మరి ముందుగా కొనగలిగినవాడెవడు? అయిదు గంటలకు బల్ల సర్దుకొని లేచేవాడు. నెలలో ఏ తేదీనైనా జేబులో మిగులు ఉన్నవాడు. ఇరవయ్యవ తేదీన వచ్చిన కరపత్రానికి ఆనాడే డబ్బు కట్టగల ఉద్యోగులు మనలో ఎందరో చేయి ఎత్తి చెప్పండి. కలిగినవానికి తగ్గింపు ధర, లేనివానికి హెచ్చు ధర! తలక్రిందులైన ఈ న్యాయాన్ని మన ఊళ్ళలో "ముందు కొన్నవారికి రాయితీ" అని ముద్దుపేరుతో పిలుస్తున్నారు.

ముందుగా కొన్న ఉద్యోగికైనా నిశ్చింత ఉన్నదా? టికెట్టు కొన్న తరువాత కాల్ వచ్చినదనుకోండి. టికెట్టు వెనుక మరొక సన్నని పంక్తి ఉంటుంది: "అమ్మిన టికెట్టు తిరిగి తీసుకోబడదు." రైల్వే కౌంటరులో కూర్చున్న మన సోదరుడు రిజర్వేషను టికెట్టు రద్దు చేసినప్పుడు, ఎంత ముందుగా వచ్చినారో చూసి, కొంత కోసుకొని మిగిలినది తిరిగి ఇస్తాడు. కచేరీ నిర్వాహకుడు ఆ మాత్రమూ ఇవ్వడు. అనగా మన ఉద్యోగి ముందు కొంటే మొత్తం పోగొట్టుకొనే భయం, తరువాత కొంటే జుల్మానా. ఏ వైపు నుండి వచ్చినా దెబ్బ అతనికే.

నిర్వాహకుల వాదన

ఎదుటిపక్షం మాటను దాచిపెట్టి గెలవడం మాకు ఇష్టం లేదు. నిర్వాహకులు మూడు సంగతులు చెబుతున్నారు. హాలు అద్దె ముందే కట్టాలి, కళాకారులకు బయానా ముందే ఇవ్వాలి, కనుక డబ్బు ముందుగా చేతికి రావాలి. ఎందరు వస్తారో తెలియకపోతే ఏర్పాట్లు చేయలేము. సాయంత్రం వాన పడితే సగం కుర్చీలు ఖాళీ. గుమ్మం దగ్గర రద్దీ ఎక్కువైతే కచేరీ వేళకు మొదలుకాదు.

ఈ మూడింటిలోనూ నిజం ఉన్నది. నూరు నుండి మూడువందల మంది పట్టే చిన్న హాలులో కచేరీ పెట్టేవారు కోటీశ్వరులు కారు. వారిలో చాలామంది మనబోటి జీతగాళ్ళే. సంగీతం మీది మమకారం కొద్దీ చేతి డబ్బు ఖర్చు పెట్టేవారే. అట్టివారితో మాకు వైరం లేదు. మా వైరం ఆ పద్ధతితో. వారి కష్టం నిజమైనదే అయినా దానిని ఎవరి నెత్తిన దింపుతున్నారన్నదే ప్రశ్న. నష్టభయం అందరిదీ అయినప్పుడు అందరూ పంచుకోవాలి. దానిని కేవలం ఆఖరున వచ్చినవాని జేబులో నుండి పూడ్చుకోవడమేమిటి?

తపాలా నేర్పిన న్యాయం

ముందు చెల్లించినవానికి ఒక రేటు, తరువాత చెల్లించేవానికి ఒక రేటు అన్నది మన తపాలాశాఖకు కొత్త సంగతి కాదు. 1840లో ఇంగ్లండులో రోలండ్ హిల్ సంస్కరణతో పెన్నీ తపాలా వచ్చినప్పుడు అర ఔన్సు ఉత్తరానికి ముందుగా చెల్లిస్తే ఒక పెన్నీ, చెల్లించక వేస్తే అందుకొనేవాని నుండి రెండు పెన్నీలు. మన దేశంలో 1854లో దూరంతో నిమిత్తం లేకుండా పావు తులం ఉత్తరానికి అర్ధణా అని నిర్ణయించారు. బిళ్ళ లేని ఉత్తరాన్ని బేరింగు చేసి, పడిన లోటుకు రెట్టింపు వసూలు చేయడం మన పోస్టుమాన్ ఎరిగిన పనే. మరి తపాలాలో రెట్టింపు న్యాయమై, కచేరీలో నూటయాభై అన్యాయమెట్లా అయినదని నిర్వాహకుడు మమ్మల్ని నిలదీయవచ్చును.

జవాబు పోస్టుమానే చెబుతాడు. బేరింగు ఉత్తరం పట్టుకొని అతడు ఇంటింటి గుమ్మానికి నడిచి వెళ్ళాలి. ఇంటివారు చిల్లర వెతికే దాకా నిలబడాలి. వారు వద్దంటే ఉత్తరం వెనక్కు మోయాలి. తీసుకొన్న ప్రతి పైసాకు సాయంకాలం లెక్క అప్పగించాలి. బిళ్ళ అంటించిన ఉత్తరానికి ఈ చాకిరీ ఏదీ లేదు. రెట్టింపు వసూలు వెనుక రెట్టింపు శ్రమ ఉన్నది. సంచి కట్టే వేళ దాటిన ఉత్తరాలకు ఒకప్పుడు తీసుకొన్న లేట్ ఫీ కూడా అట్టిదే. వేళ మించిన ఉత్తరాన్ని విడిగా తీసుకొని ఆ పూట సంచిలోనే పంపడానికి అదనపు పని ఉండేది. పైగా, తపాలా బిళ్ళ ఏనాడు కొన్నా ఒకటే ధర. దానికి "ఈ తేదీ లోపల" అన్న గడువు లేదు. చివరి నిమిషంలో పరుగెత్తుకొని వచ్చినవానికీ బిళ్ళ అదే ధరకు అమ్మినారు మన వాళ్ళు.

కచేరీ గుమ్మంలో జరిగే శ్రమ ఏమిటి? ఒక బల్ల, ఒక డబ్బాపెట్టె, ఒక కార్యకర్త. ముందుగా టికెట్టు కొన్నవానిని లోపలికి పంపడానికి కూడా ఆ కార్యకర్త అక్కడ కూర్చోవలసినదే. పోస్టుమాన్ జనం గుమ్మానికి వెళ్ళినాడు. ఇక్కడ శ్రోతే తన కాళ్ళతో వీరి గుమ్మానికి వచ్చినాడు. వచ్చిన మనిషి నుండి నాలుగు నోట్లు అందుకొని చీటీ చింపి ఇవ్వడానికి నూటయాభై రూపాయల కూలి అవుతుందా?

కనుక తేల్చవలసిన సూత్రం ఇది. ధరలోని తేడా శ్రమలోని తేడాను, ఖర్చులోని తేడాను అనుసరించినంత వరకు న్యాయం. ఎదుటివాని అవసరాన్ని కనిపెట్టి పెంచిన తేడా దోపిడి. గుమ్మం దాకా వచ్చినవాడు ఇక వెనక్కు పోలేడు, పిల్లలు వెంట ఉన్నారు, బస్సు ఛార్జీ అయిపోయింది, అడిగినంత పెడతాడు అన్న లెక్క మీద కట్టిన ధరకు మరొక పేరు మాకు తెలియదు.

రైలు నేర్పిన గుణపాఠం

ఇక రైలు వైపు చూద్దాం. సాధారణ టికెట్టు కౌంటరులో మన బుకింగు క్లర్కు బండి రావడానికి గంట ముందు వచ్చినవానికీ, అయిదు నిమిషాల ముందు వచ్చినవానికీ ఒకే ఛార్జీకి టికెట్టు ఇస్తాడు. దేశంలోని పేదజనం ప్రయాణం చేస్తున్నది ఆ టికెట్టు మీదనే. రైల్వేకు ప్రజలలో ఉన్న గౌరవానికి ఆ ఒకే ధర కూడా ఒక కారణం.

తరువాత 1997లో తత్కాల్ వచ్చినది. రెండవ తరగతిలో మూల ఛార్జీ మీద 10 శాతం, మిగిలిన తరగతులలో 30 శాతం, కనిష్ఠ గరిష్ఠ పరిమితులకు లోబడి, అదనంగా తీసుకొంటున్నారు. చావు కబురు విని బయలుదేరే మనిషి దగ్గర ఆ అదనపు రూకలు వసూలు చేస్తూ తల దించుకొన్న క్లర్కులు మనలో ఉన్నారు. అయినా తత్కాల్‌లో ఒక్క మంచి ఉన్నది: ఆఖరున వచ్చేవాని కోసం కొన్ని బెర్తులు విడిగా అట్టిపెడతారు. మన కచేరీ నిర్వాహకులు ధర పెంచడం నేర్చుకొన్నారు గాని కుర్చీలు అట్టిపెట్టడం నేర్చుకోలేదు. గుమ్మం దగ్గరకు వచ్చినవానికి హెచ్చు ధర ఉన్నది, చోటు ఉంటుందన్న హామీ లేదు.

2016 సెప్టెంబరులో రాజధాని, శతాబ్ది, దురంతో బండ్లలో ఫ్లెక్సీ ఛార్జీలు తెచ్చారు. పది శాతం బెర్తులు అమ్ముడుపోయిన కొద్దీ ఛార్జీ పది శాతం చొప్పున పెరుగుతుంది. మొదట అది మూల ఛార్జీకి ఒకటిన్నర రెట్లు దాకా పోయినది. ఫలితం? ఆ బండ్లలో ఖాళీ బెర్తులు పెరిగినవని కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ తన 2018 నివేదికలో ఎత్తిచూపినారు. ఆ సంవత్సరమే కొన్ని బండ్లలో ఆ పద్ధతిని తీసివేసి, మిగిలిన వాటిలో పరిమితిని తగ్గించారు. అంతటి రైల్వే సంస్థ తప్పు దిద్దుకొన్న చోట, రెండువందల కుర్చీల సభలు అదే దారి పట్టడమేమిటి?

ఖాళీ బెర్తు విలువ మనకు తెలిసినంతగా మరెవ్వరికీ తెలియదు. బండి కదిలిన తరువాత ఆ బెర్తు ఎవరికీ అక్కరకు రాదు. ఆలాపన మొదలైన తరువాత కుర్చీ కూడా అంతే. ఆ రాత్రి గడిస్తే దానిని ఏ ధరకూ అమ్మలేము. కచేరీ వేళ దగ్గరపడే కొద్దీ మిగిలిన కుర్చీ ధర పెరగడానికి ఏ సహజ కారణమూ లేదు. ఉంటే గింటే తగ్గడానికే ఉన్నది. 1895లో లండనులో మొదలైన ప్రామెనేడ్ కచేరీలలో నేటికీ నిలబడి వినే చోట్లను ఆ రోజుకు ఆ రోజే తక్కువ ధరకు ఇస్తున్నారు. ఆఖరున వచ్చినవానిని ఆదరించినందువల్ల ఆ సంగీతోత్సవం దివాలా తీయలేదు. నూట ముప్పయి ఏండ్లుగా నడుస్తున్నది. మన మద్రాసు సభలలో కూడా మార్గశిర కచేరీల కాలంలో మ్యూజిక్ అకాడమీ వంటి చోట మధ్యాహ్నపు కచేరీలకు టికెట్టు లేకుండానే జనాన్ని రానిస్తున్నారు. ఎదుగుతున్న గాయకుడు నిండు సభలో పాడాలన్నా, పాటకు రేపటి శ్రోత దొరకాలన్నా తలుపు తెరచి ఉండాలని ఆ పాత సభలకు తెలుసు.

లెక్క వేసి చూద్దాం

ఆవేశంతో గాక అంకెలతోనే మాట్లాడుదాం. ఇది ఉదాహరణకు వేసుకొన్న లెక్క. ఎవరి ఊరి ఖర్చులు వారు మార్చి వేసుకోవచ్చును. రెండువందల కుర్చీల హాలు. అద్దె 15,000, గాయకునికి, పక్కవాద్యాలకు కలిపి 25,000, మైకు, దీపాలు 5,000, కరపత్రాలు, ఇతరములు 3,000. మొత్తం 48,000 రూపాయలు. అందరికీ 300 రూపాయలు అనుకొంటే 160 మంది వస్తే ఖర్చు గట్టెక్కుతుంది.

ఇప్పుడు రెండు ధరల పద్ధతి. ముందుగా నూరుగురు 250 చొప్పున కొన్నారు: 25,000. గుమ్మం దగ్గరకు అరవైమంది వచ్చారు. అందరూ 400 పెడితే 24,000. మొత్తం 49,000, నిర్వాహకుడు సంతోషిస్తాడు. కాని అరవైమందీ 400 పెడతారా? భార్యా ఇద్దరు పిల్లలతో వచ్చిన పోస్టుమాన్ 1,200 అనుకొని వచ్చి 1,600 అని వింటే ఏమి చేస్తాడు? అరవైమంది నుండి 300 చొప్పున వచ్చేది 18,000. అదే 18,000 రూపాయలను 400 చొప్పున రాబట్టాలంటే నలభైఅయిదుగురు కొనాలి. అనగా పదిహేనుగురు వెనుదిరిగితే పెంచిన ధర వల్ల గుమ్మంలో లాభం సున్న. పదహారవవాడు వెనుదిరిగిన క్షణం నుండి నష్టమే. డబ్బు నష్టానికి తోడు పదహారు ఖాళీ కుర్చీలు. ఆ కుర్చీలను చూస్తూ పాడవలసిన గాయకుని మనసు. ఇక ఆ హాలు వైపు రానని ఒట్టు పెట్టుకొన్న నాలుగు కుటుంబాలు. ఈ పద్దులు ఏ లెక్కపుస్తకంలోకీ ఎక్కవు.

ఒకే ధర అయితే ముందుగా కొనే నూరుగురిలో కొందరు జారిపోతారని అంటారు. జారిపోనివ్వండి. పదిమంది జారిపోయినా తొంభైమంది నుండి 27,000, గుమ్మంలో అరవైమంది నుండి 18,000, మొత్తం 45,000. ఇంకా కావలసినది 3,000. ఆ పది టికెట్లు ఎక్కడ నుండి వస్తాయో క్రింద చెబుతాము.

పన్ను సంగతి మరొకటి ఉన్నది. 2017లో వస్తుసేవల పన్ను వచ్చినప్పుడు తలకు 250 రూపాయల లోపు కచేరీ టికెట్లకు మినహాయింపు ఇచ్చారు. 2018 జనవరిలో ఆ పరిమితిని 500కు పెంచారు. దానిని మించిన టికెట్టుకు 18 శాతం పన్ను. జీఎస్టీలో నమోదైన నిర్వాహకుడు ముందుగా 450, గుమ్మంలో 550 అని ధర పెట్టినాడనుకోండి. ముందు కొన్నవానికి పన్ను లేదు. గుమ్మంలో కొన్నవాడు పరిమితి దాటినాడు గనుక మొత్తం 550 మీద 99 రూపాయల పన్ను పడి, టికెట్టు 649 అవుతుంది. నూరు రూపాయల తేడా అని అచ్చువేసినది చేతికి వచ్చేసరికి 199 అయినది. చిన్న కచేరీల కోసం ఇచ్చిన మినహాయింపు ఆఖరున వచ్చిన ఉద్యోగికి మాత్రమే అందలేదు. ఈ లెక్క నిర్వాహకునికి తట్టకపోయి ఉండవచ్చును. తట్టేటట్లు చెప్పడం మన పని.

ఉచితం అడగడం లేదు

మా మాటను పొరబడవద్దు. పాట ఉచితంగా వినిపించమని మేము కోరడం లేదు. తిరువయ్యూరులో త్యాగరాజస్వామి ఆరాధనలో పాడే విద్వాంసులు భక్తితో పాడతారు. అది వారు ఇష్టపడి చేసే సేవ. దానిని చూపించి ఊరూరా వయొలిన్ వాయించేవానిని, మృదంగం వాయించేవానిని, మైకు మోసేవానిని ఉచితంగా పనిచేయమనడం వెట్టి అవుతుంది. వెట్టికి వ్యతిరేకంగా పుట్టిన సంఘం మరొకనిచేత వెట్టి చేయించుకోదు. కళాకారుని కూలి పూర్తిగా అందాలి. పక్కవాద్యాలవారికి ప్రధాన గాయకునితోబాటే, అదే రాత్రి అందాలి. గుమ్మంలో వచ్చిన డబ్బు మీద ఆధారపడి "మిగిలితే ఇస్తాము" అని వారికి చెప్పడం కూడా మేము ఖండించే పద్ధతే. శ్రోత అయినా, కళాకారుడైనా, అనిశ్చితి భారం అంతా బలహీనుని మీదనే పడకూడదన్నది మా వాదన.

మనం చేయవలసినది

సికింద్రాబాదు, విజయవాడ, గుంతకల్లు, కాజీపేట, వాల్తేరు మొదలుకొని తెలుగు రైల్వే కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ఖరగ్‌పూరు వరకు రైల్వే ఉద్యోగులకు ఇన్‌స్టిట్యూట్లు ఉన్నవి. తపాలా ఉద్యోగులకు రిక్రియేషను క్లబ్బులు ఉన్నవి. మన చందాలతో నడిచే క్లబ్బే ఈ రెండు ధరల కరపత్రాన్ని అచ్చువేస్తే ఊరివారిని ఏ ముఖంతో విమర్శిస్తాము? సంస్కరణ మన ఇంటి నుండి మొదలుకావాలి. కనుక ప్రతి శాఖ ముందు ఈ అయిదు ప్రతిపాదనలు ఉంచుతున్నాము.

ఒకటి: చిన్న కచేరీలన్నింటికీ ముందైనా, గుమ్మంలోనైనా ఒకే ధర. ఖర్చులో నిజంగా తేడా ఉంటే, ఆ తేడా మేరకే, కారణం కరపత్రంలో అచ్చువేసి తీసుకోవాలి.

రెండు: కుర్చీలలో నాల్గవ వంతు గుమ్మంలో అమ్మకానికి అట్టిపెట్టాలి. కచేరీ మొదలయ్యే వేళకు మిగిలినవి విద్యార్థులకు, పింఛనుదారులకు సగం ధరకు ఇవ్వాలి.

మూడు: డ్యూటీ పడి రాలేకపోయినవాని టికెట్టును ముందురోజు సాయంత్రం దాకా తిరిగి తీసుకోవాలి, లేదా మరొకరి పేర మార్చుకోనివ్వాలి.

నాలుగు: ముందుగా అమ్మే టికెట్లు ఆన్‌లైనులో మాత్రమే దొరుకుతాయన్న పద్ధతి పోవాలి. ఆన్‌లైను వేదికలు తీసుకొనే "సౌకర్య రుసుము" ఎంతో కూడా ధరతోబాటు స్పష్టంగా చూపాలి.

అయిదు, అన్నింటిలోనూ ముఖ్యమైనది: నిర్వాహకులకు ముందుగా కావలసిన డబ్బును మన శాఖలే సమకూర్చాలి. కచేరీకి మూడు వారాల ముందు ఒక శాఖ నలభై టికెట్లను 300 చొప్పున నిధి నుండి 12,000 రూపాయలు కట్టి కొన్నదనుకోండి. పై లెక్కలోని హాలు అద్దెలో అయిదింట నాలుగు వంతులు ఆనాడే చేతికి వచ్చినట్లే. నిర్వాహకునికి లోటైన ఆ పది టికెట్లూ ఇందులోనే ఉన్నవి. శాఖ ఆ టికెట్లను అదే ధరకు కచేరీ సాయంత్రం దాకా సభ్యులకు అమ్ముతుంది. ఒకరికి కాల్ వస్తే ఆ టికెట్టు డ్యూటీ దిగి వచ్చిన మరొకరికి పోతుంది. ఒక ఉద్యోగి తన సాయంత్రాన్ని ముందుగా చెప్పలేడు. నాలుగువందల మంది సభ్యులున్న శాఖలో ఆ రాత్రి తీరిక దొరికేవారు నలభైమంది ఉండకపోరు. విడివిడిగా మనకు లేని నిశ్చయం కలిసికట్టుగా మనకు ఉన్నది. సంఘం అన్న మాటకు అర్థమే అది.

శాఖ నిధికి నష్టం వస్తే ఎట్లా అని కోశాధికారులు అడుగుతారు. అడగవలసినదే. మొదట పది టికెట్లతో ప్రారంభించండి. మిగిలిన టికెట్ల లెక్కను నెలవారీ సమావేశంలో పెట్టండి. ఏ కచేరీకి ఎందరు వెళ్ళారో రెండు మూడు సార్లు చూస్తే ఎన్ని కొనాలో తెలిసిపోతుంది. పదిచోట్ల ఈ పని చేసి చూపితే నిర్వాహకులే మన ఆఫీసు వెతుక్కుంటూ వస్తారు. అప్పుడు ధర కూడా వారితో కూర్చొని మాట్లాడవచ్చును.

నిర్వాహక మిత్రులకు చివరి మాట. మీ సభకు చెమటతో, యూనిఫాంతో, టిఫిను డబ్బాతో ఆఖరి నిమిషంలో పరుగెత్తుకొని వచ్చే మనిషి పాట మీద మమకారం లేక ఆలస్యం చేసినవాడు కాడు. ఆ మమకారమే లేకుంటే పది గంటల డ్యూటీ దిగి ఇంటికి పోయి పడుకొనేవాడు. మీ ఊరి ఉత్తరాలు చేరవేసి, మీ గాయకుడు ఎక్కి వచ్చిన బండి నడిపి, ఆపైన మీ గుమ్మం దగ్గర నిలబడినాడు. అతనికి జుల్మానా వేయకండి.

ఈ విషయం మీద ప్రతి శాఖ తన తరువాతి సమావేశంలో చర్చించి, తీర్మానం చేసి, తమ ఊరి సంగీత సభలకు పంపవలసినదిగా విజ్ఞప్తి చేస్తున్నాము. గుమ్మం లోపల పాట అందరికీ ఒకటే. గుమ్మం బయట ధర కూడా అందరికీ ఒకటే కావాలి.